మైలేజీ పడిపోయిందని సెన్సర్లు మారుస్తూ పోవాలా?

ప్రశ్న: మాది 14 ఏళ్ల పెట్రోలు కారు. 1.2 లీటర్ల ఇంజిన్, మాన్యువల్ గేరు, 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. లీటరుకు 15 దాకా ఇచ్చేది. ఏడాదిగా తగ్గుతూ తగ్గుతూ 11కు దిగింది. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కాన్ చేసి పీ0172 కోడు వచ్చిందన్నారు, ఆక్సిజన్ సెన్సర్ మార్చారు. పదిహేను రోజులు లైటు రాలేదు. తర్వాత మళ్లీ అదే కోడు. ఇప్పుడు మ్యాప్ సెన్సర్ మార్చి చూద్దామంటున్నారు. పికప్ బాగానే ఉంది. వేడెక్కే సమస్య అసలే లేదు, పైగా హైవే ఎక్కితే టెంపరేచర్ ముల్లు ఇదివరకటి కంటే కిందే ఉంటోంది. ఈ సెన్సర్ కూడా మార్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. మీరు మంచి లక్షణం అనుకుని రాసిన ఆఖరి మాటలోనే గట్టి ఆధారం ఉంది. హైవే మీద ముల్లు కిందికి దిగుతోందంటే, చాలావరకు థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు వెళ్లనివ్వని వాల్వ్) మూసుకోకుండా తెరుచుకునే ఉండిపోయిందని అర్థం. ముందు దాని సంగతి తేల్చండి. మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచేది) మంచిదో కాదో రెండు నిమిషాల్లో తెలుసుకోవచ్చు, కొనాల్సిన పనే లేకుండా.

మొదట ఆ కోడు ఏమంటోందో చూద్దాం. పీ0172 అంటే మిశ్రమంలో పెట్రోలు ఎక్కువైందని, ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లను వీలైనంత తక్కువసేపు తెరిచినా ఇంకా ఎక్కువగానే ఉందని. ఏ పార్టు పాడైందో అందులో లేదు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసి, పెట్రోలు ఎక్కువైందన్న కబురు మోసుకొచ్చింది ఆక్సిజన్ సెన్సర్. కబురు తెచ్చినందుకు దాన్నే తీసి పారేశారు. ఆ సెన్సరే చెడిపోతే సాధారణంగా వచ్చే కోడ్లు వేరు, పీ0130 నుంచి పీ0135 వరకు. చివరిది దాని హీటర్‌ది. మరి పదిహేను రోజులు లైటు ఎందుకు రాలేదంటే, సెన్సర్ మార్చినప్పుడు కోడు చెరిపేశారు కాబట్టి. దాంతోపాటు ఈసీయూ నేర్చుకున్న ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలు మోతాదులో చేసుకున్న సవరణ) కూడా సున్నాకు వచ్చేస్తుంది. మళ్లీ అంత దూరం దిగడానికి దానికి సమయం పడుతుంది. పైగా ఇలాంటి లోపం వరసగా రెండు ప్రయాణాల్లో కనబడితేనే చాలా కార్లలో లైటు వెలుగుతుంది. కాబట్టి ఆ పదిహేను రోజులూ బండి బాగుపడిందనుకోవడానికి లేదు.

ఈసారి లైటు వెలిగితే కోడు చెరపనివ్వకండి. కోడు పడిన క్షణంలో ఇంజిన్ పరిస్థితి ఎలా ఉందో ఈసీయూ దాచిపెట్టుకుంటుంది, దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కూలెంట్ ఉష్ణోగ్రత, వేగం, ఆర్‌పీఎం, లోడు అన్నీ అందులో ఉంటాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కూలెంట్ 64 డిగ్రీలని అక్కడ కనబడితే సగం పని అయిపోయినట్టే. చెరిపితే ఆ అంకెలూ పోతాయి. ఈసీయూలోని అంకెలు చదివి ఫోనులో చూపే బ్లూటూత్ ఓబీడీ రీడర్ ఒకటి దగ్గరుంచుకుంటే ఇక్కడ చెప్పే పరీక్షల్లో చాలావరకు మీరే చేసుకోవచ్చు.

థర్మోస్టాట్ దగ్గరికి వద్దాం. మామూలుగా అది 82 లేదా 88 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది. ఎంత దగ్గరో దాని మీదే ముద్రించి ఉంటుంది. రాత్రంతా ఆపిన బండి స్టార్ట్ చేసి రీడర్ చూపే లైవ్ డేటాలో కూలెంట్ ఉష్ణోగ్రత చూస్తూ నడపండి. పది పదిహేను నిమిషాల్లో 80 దాటాలి. ఆ తర్వాత హైవే మీదైనా ట్రాఫిక్‌లోనైనా పెద్ద తేడా ఉండకూడదు. ట్రాఫిక్‌లో 90 ఉండి, వేగం అందుకోగానే 65కో 70కో పడిపోతే థర్మోస్టాట్ తెరుచుకుపోయిందని తేలిపోయినట్టే. గాలి తగిలే కొద్దీ రేడియేటర్ చల్లబరుస్తూనే ఉంటుంది, ఆపేవాడు లేడు.

రీడర్ లేకపోయినా చేత్తో తెలుస్తుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, రేడియేటర్ పైభాగానికి వెళ్లే లావు గొట్టం మీద చెయ్యి పెట్టండి. థర్మోస్టాట్ బాగుంటే ఆ గొట్టం కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, తెరుచుకున్నాక చకచకా వేడెక్కుతుంది. చెడిపోతే మొదటి నిమిషం నుంచే నెమ్మదిగా గోరువెచ్చనవుతూ పోతుంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ కింది గొట్టం వైపు ఉంటుంది, అప్పుడు చూడాల్సింది దాన్ని. బెల్టుకూ ఫ్యానుకూ చెయ్యి దూరంగా పెట్టుకోండి. ఎలక్ట్రిక్ ఫ్యాను చెప్పాపెట్టకుండా తిరుగుతుంది.

ఇంజిన్ చల్లగా ఉందనుకుంటే ఈసీయూ ఇంజెక్టర్లను ఎక్కువసేపు తెరుస్తుంది. చల్లటి గోడల మీద పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు కాబట్టి అలా చెయ్యాల్సిందే. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు, ఆర్‌పీఎం కూడా కాస్త పెంచుతుంది. ఆయిల్ చిక్కగా ఉండి రాపిడి పెరుగుతుంది. రోజూ ఆరేడు కిలోమీటర్లు తిరిగే బండయితే ఇంజిన్ ఏ రోజూ పూర్తిగా వేడెక్కదు. థర్మోస్టాట్ లోపానికి పీ0128 అనే కోడు ఉంది గానీ, పాత కార్లన్నింటిలో అది పడదు. మీ బండిలో రాలేదు కాబట్టి థర్మోస్టాట్ బాగుందనుకోకండి.

అయితే ఒక్క థర్మోస్టాట్ వల్లే 15 కాస్తా 11 అయిందనలేం. మిశ్రమం సంగతి వేరే. ఆక్సిజన్ సెన్సర్ పనిచేస్తున్నంతసేపు, ఇంజిన్ కాస్త చల్లగా ఉన్నా, ఈసీయూ దాన్ని దిద్దుకోగలదు. మరి పీ0172 ఎందుకు పడింది? నా అనుమానం ఇంజిన్ ఆయిల్ మీద. నెలల తరబడి చల్లగా తిరిగిన ఇంజిన్లో ఆవిరి కాని పెట్రోలు సిలిండర్ గోడల మీదుగా ఆయిల్లోకి దిగుతుంది. ఒకరోజు దూరప్రయాణంలో ఆయిల్ బాగా వేడెక్కేసరికి ఆ పెట్రోలు ఆవిరై, ఇంజిన్ లోపలి ఆవిరిని లాగేసే పీసీవీ గొట్టం గుండా మళ్లీ ఇంటేక్‌లోకే (ఇంజిన్ గాలి పీల్చే దారిలోకే) వస్తుంది. ఇంజెక్టర్ లెక్కలో లేని పెట్రోలు అది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన కొడుతుంటే, లేదా ఆయిల్ పొయ్యకపోయినా మట్టం గరిష్ఠ గీత దాటి ఉంటే, సందేహమే లేదు. ఖాయం చేసుకోవడానికి ఇంకో పరీక్ష ఉంది. వేడెక్కిన ఇంజిన్ ఐడిల్‌లో నడుస్తుండగా పీసీవీ గొట్టం ఊడదీసి, ఇంటేక్ మానిఫోల్డ్ వైపు రంధ్రాన్ని మూసెయ్యండి. మైనస్‌లో ఉన్న ట్రిమ్ సున్నా వైపు కదిలితే అదనపు పెట్రోలు ఆయిల్ నుంచే వస్తోంది.

ట్రిమ్ అన్నాను కాబట్టి అదేమిటో చెప్పాలి, ఎందుకంటే మీ సమస్యకు అసలు అద్దం అదే. ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఈసీయూ పెట్రోలు ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చూపే అంకె అది. షార్ట్ టర్మ్ ట్రిమ్ క్షణక్షణం ఊగుతుంది, లాంగ్ టర్మ్ ట్రిమ్ నేర్చుకున్న సగటు. రెండూ కలిపి అటూ ఇటూ 10 శాతం లోపుంటే కంగారు లేదు. ప్లస్ అంటే పెట్రోలు చాలక కలుపుతోంది, మైనస్ అంటే ఎక్కువై కోస్తోంది. ఐడిల్‌లో ఒకసారి, ఎక్కడైనా ఆపి 2500 ఆర్‌పీఎంలో పట్టి ఉంచి ఒకసారి, రెండు చోట్లా రాసుకోండి. ఐడిల్‌లో మైనస్ 18, 2500లో మైనస్ 5 ఉందనుకుందాం. ఏదో ఒక దారి నుంచి పెట్రోలు ఒకే మోతాదులో కారుతోంది, గాలి తక్కువ ఉన్న ఐడిల్‌లో దాని ప్రభావం పెద్దగా కనబడుతోంది. ఆ దారి ఆయిల్ ఆవిరి కావచ్చు, కారే ఇంజెక్టర్ కావచ్చు, ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వ్ మూసుకోకపోవడం కావచ్చు. రెండు చోట్లా ఒకేలా మైనస్ 15 ఉంటే మాత్రం ఫ్యూయల్ ప్రెషర్ ఎక్కువైందనో, గాలి కొలిచే సెన్సర్ తప్పు చెబుతోందనో అనుమానించాలి. మీ మ్యాప్ సెన్సర్ ప్రస్తావన రావాల్సింది అక్కడ, అంతకు ముందు కాదు.

దాన్ని పరీక్షించే పద్ధతి ఇది. ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి లైవ్ డేటాలో మ్యాప్ చూడండి. సముద్రమట్టానికి దగ్గరి ఊళ్లో సుమారు 100 కిలోపాస్కల్ చూపాలి. వెయ్యి మీటర్ల ఎత్తులో సుమారు 90. స్టార్ట్ చేసి, వేడెక్కాక, ఏసీ ఆపి ఐడిల్‌లో చూస్తే మామూలుగా 30 నుంచి 40 మధ్యకు పడిపోవాలి. ఈ రెండూ సరిగ్గా ఉండి, యాక్సిలరేటర్ గుప్పున నొక్కితే అంకె వెంటనే పైకి లేస్తే ఆ సెన్సర్ జోలికి వెళ్లక్కర్లేదు. ఐడిల్‌లో 50 దాటి ఉన్నా సెన్సర్నే అనకండి. దానికి వెళ్లే సన్న గొట్టం పగిలిందేమో, ఆయిల్ నిండిందేమో చూడాలి. టైమింగ్ బెల్టో చైనో ఒక పన్ను జారినా, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయినా మ్యాప్ అంకె ఇలాగే పెరుగుతుంది, ఈసీయూ దాన్ని నమ్మి పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మ్యాప్ సెన్సర్ ఉన్న బండిలో ఇంటేక్ గొట్టం లీకైతే సాధారణంగా ఐడిల్ ఆర్‌పీఎం పెరుగుతుంది. లోపలికి వెళ్లే గాలి ఎంతో నేరుగా కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న బండిలో అదే లీకుకు ట్రిమ్ ప్లస్‌లోకి వెళ్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలా గందరగోళం ఈ తేడా తెలియకే.

కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌ను కూడా ఒకసారి చూడక తప్పదు. పాత కార్లలో డాష్‌బోర్డు ముల్లుకు ఒక సెన్సర్, ఈసీయూకు వేరే సెన్సర్ ఉండటం మామూలే. ముల్లు సరిగ్గా ఉన్నా ఈసీయూకు తప్పు అంకె చేరుతుండొచ్చు. పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు, స్టార్ట్ చెయ్యకముందు కూలెంట్ అంకె, ఇంటేక్ గాలి అంకె చూడండి. రెండూ నాలుగైదు డిగ్రీల తేడాలో ఉండాలి. మల్టీమీటర్ ఉంటే సెన్సర్ రెసిస్టెన్స్ చూడొచ్చు. మామూలు సెన్సర్లలో 20 డిగ్రీల దగ్గర రెండు నుంచి మూడు వేల ఓమ్‌లు, 80 దగ్గర సుమారు 300. వేడెక్కే కొద్దీ తగ్గుతుందన్నమాట. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, చాలామంది గమనించరు. కనెక్టర్ పిన్నులకు పచ్చటి తుప్పు పట్టి 500 ఓమ్‌ల అడ్డు పడిందనుకోండి. ఇంజిన్ 80 డిగ్రీల్లో ఉన్నప్పుడు 300కు ఆ 500 కలిసి 800 అవుతుంది. ఈసీయూ దాన్ని 50 డిగ్రీలుగా చదువుకుంటుంది. చల్లగా, 20 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు అదే అడ్డు నాలుగైదు డిగ్రీల తేడా మాత్రమే చూపుతుంది. సెన్సర్ మార్చినా ఈ లోపం పోదు, కనెక్టర్ శుభ్రం చేస్తేనే పోతుంది. ఏ సెన్సర్ మార్చే ముందైనా దాని కనెక్టర్ ఊడదీసి పిన్నులు కళ్లతో చూడటం అలవాటు చేసుకోండి.

కొత్తగా వేసిన ఆక్సిజన్ సెన్సర్ నిజమే చెబుతోందా అన్నది కూడా తేల్చాలి. మీ బండి వయసును బట్టి అది జిర్కోనియా రకమే అయ్యుండాలి, 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగేది. వేడి ఇంజిన్లో 2500 ఆర్‌పీఎం పట్టి ఉంచితే ఫోను తెర మీద గీత పైకీ కిందికీ చకచకా కొట్టుకోవాలి. మీ బండి రిచ్‌గా, అంటే పెట్రోలు ఎక్కువై నడుస్తోంది కాబట్టి 0.8 దగ్గరే వేలాడుతుండొచ్చు. అప్పుడు బండి నడుపుతూ, గేరులోనే ఉంచి, 3000 ఆర్‌పీఎం నుంచి యాక్సిలరేటర్ మీద కాలు పూర్తిగా తీసెయ్యండి. ఈసీయూ పెట్రోలు ఆపేస్తుంది, సెన్సర్ వోల్టేజీ సున్నా దగ్గరికి పడాలి. పడితే అది నిజమే చెబుతోంది. 0.45 దగ్గర కదలకుండా ఉంటే వేడెక్కడం లేదనో, వైరు తెగిందనో లెక్క. మార్చేటప్పుడు వైర్లు కత్తిరించి అతికించారా అని కూడా చూడండి. చాలా సెన్సర్లు పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలిని ఆ వైర్ల లోపలి సందుల గుండానే తీసుకుంటాయి, సోల్డరింగ్ చేస్తే దారి మూసుకుపోవచ్చు. అదే కనెక్టర్‌తో వచ్చే సెన్సరే మేలు.

ఇక్కడిదాకా ఏదీ దొరక్కపోతే మిగిలినవి ఇవి. పర్జ్ వాల్వ్ నుంచి మానిఫోల్డ్‌కు వెళ్లే గొట్టాన్ని ఐడిల్‌లో నొక్కిపట్టి ట్రిమ్ చూడండి, సున్నా వైపు వస్తే ఆ వాల్వ్ కారుతోంది. ఫ్యూయల్ రైలు (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) మీద ప్రెషర్ రెగ్యులేటర్ ఉంటే దాని వాక్యూమ్ గొట్టం పీకండి. లోపల పెట్రోలు తడి కనబడిందా, డయాఫ్రమ్ చిరిగింది, వేరే పరీక్ష అక్కర్లేదు. ఇంజిన్ వేడిగా ఉండగా ఆపి, పావుగంట తర్వాత స్టార్ట్ చేస్తే మొండికేస్తోందంటే ఇంజెక్టర్ కారుతుండొచ్చు. ప్లగ్గులు నాలుగూ విప్పి వరసగా పెట్టండి. ఒక్కటే మసిబారి, మిగిలిన మూడు లేత గోధుమ రంగులో ఉంటే ఆ సిలిండర్ ఇంజెక్టర్‌నో, కాయిల్‌నో అనుమానించండి. నాలుగూ నల్లగా ఉంటే లోపం అందరికీ ఉమ్మడిది, అంటే ప్రెషరో, ఉష్ణోగ్రతో, గాలి లెక్కో. పెట్రోలు గొట్టాలు ముట్టుకునే పని మాత్రం ప్రెషర్ దించాకే, నిప్పుకు దూరంగా.

ఇదంతా ఇంజిన్ సంగతి. మైలేజీలో తగ్గిన ఆ నాలుగు కిలోమీటర్లలో ఇంజిన్‌కు సంబంధం లేనివి కూడా ఉండొచ్చు. ముందు ఆ 11 అనే అంకె నిజమేనా చూసుకోండి. ఒకే పంపులో, నాజిల్ మొదటిసారి టక్కున ఆగేదాకా పోయించి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, ముప్పావు ట్యాంకు అయ్యాక మళ్లీ అలాగే నింపండి. 380 కిలోమీటర్లకు 34 లీటర్లు పడితే 11.2. ఒక్కసారి లెక్క నమ్మొద్దు, రెండు ట్యాంకులు చూడండి. పది కిలోమీటర్లు నడిపి ఆగాక నాలుగు చక్రాల రిమ్ములు దగ్గర్నుంచి చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగతావాటి కంటే కాలిపోతుంటే బ్రేక్ పట్టుకుని వదలడం లేదు, కాలిపర్ పిన్నులు బిగుసుకున్నాయి. 14 ఏళ్ల బండిలో ఇది చాలా మామూలు. దీన్ని సెన్సర్ ఖాతాలో వేసి తిప్పలు పడేవాళ్లు ఎందరో. టైర్లలో గాలి తగ్గితే మైలేజీ తగ్గేమాట నిజమే గానీ, సగటున ఒక పీఎస్ఐకి 0.2 శాతమే.

ఎయిర్ ఫిల్టర్ మార్చండి, కానీ మైలేజీ కోసం కాదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబొరేటరీ 2009లో పరీక్షించి చూస్తే, ఇంజెక్షన్ కార్లలో మురికి ఫిల్టర్ వల్ల ఇంధన ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, పికప్ మాత్రమే తగ్గింది. గాలి తగ్గితే ఈసీయూ పెట్రోలూ తగ్గిస్తుంది మరి. కార్బురేటర్ రోజుల మాట ఇంకా నడుస్తోంది అంతే. ఇథనాల్ మీద కూడా అన్ని నిందలూ వెయ్యలేం. 20 శాతం కలిపిన పెట్రోలులో శక్తి సుమారు 6, 7 శాతం తక్కువ, 15 ఇచ్చే బండి 14 ఇస్తుంది. పైగా ఇథనాల్ ట్రిమ్‌ను ప్లస్ వైపు తోస్తుంది, మీ కోడు దానికి సరిగ్గా ఎదురు. ట్యాంకులో పోసే సీసా మందులు థర్మోస్టాట్‌ను మూయలేవు కాబట్టి వాటి మీద ఖర్చు పెట్టకండి.

మీరు చెయ్యాల్సిన వరస ఇది. కూలెంట్ ఉష్ణోగ్రత చూసి థర్మోస్టాట్ తప్పని తేలితే, దాన్నీ గాస్కెట్‌నూ కలిపి మార్పించండి. చిన్న గాలి పిన్ను ఉన్న రకమైతే ఆ పిన్ను పైకి ఉండాలి. బండి తయారీదారు చెప్పిన కూలెంట్ పోసి, గాలి పూర్తిగా బయటికి పోయేలా బ్లీడ్ చెయ్యాలి. లోపల గాలి బుడగ ఉండిపోతే సెన్సర్ తప్పు అంకెలు చూపుతుంది, మీరు మళ్లీ మొదటికి వస్తారు. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత ఎప్పుడూ తియ్యొద్దు. అదే రోజు ఆయిల్, ఫిల్టర్ కూడా మార్పించండి. పెట్రోలు కలిసిన ఆయిల్ బేరింగులను అరగదీస్తుంది, ట్రిమ్‌నూ తప్పుదారి పట్టిస్తూనే ఉంటుంది. ఆ తర్వాత, ఫ్రీజ్ ఫ్రేమ్ అంకెలు రాసుకుని, కోడు చెరపండి. రెండు ట్యాంకులు నడిపాక మైలేజీ లెక్క వెయ్యండి.

ఈలోగా చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే నిదానంగా నడుపుకోవచ్చు గానీ, నెలల తరబడి వదిలెయ్యకండి, కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తినేస్తుంది. లైటు కొట్టుకుంటూ ఉంటే మాత్రం అది మిస్‌ఫైర్, యాక్సిలరేటర్ తగ్గించి, వీలైన చోట బండి ఆపెయ్యాలి. థర్మోస్టాట్, ఆయిల్ మార్చాక కూడా పీ0172 తిరిగొస్తే మళ్లీ రాయండి. రాసేటప్పుడు హైవే మీద కూలెంట్ ఉష్ణోగ్రత, ఐడిల్‌లోనూ 2500లోనూ లాంగ్ టర్మ్ ట్రిమ్, ఇగ్నిషన్ ఆన్‌లోనూ ఐడిల్‌లోనూ మ్యాప్ అంకె, నాలుగు ప్లగ్గుల రంగు పంపండి. ఏ పార్టో అప్పుడు చెప్పగలం.